గంజి వడియగట్టిన ఉదయము

శరత్కాల ప్రాతస్సమయమున మంచుతెర విడివడిన బాలసూర్యుని లేయెండ నేతవీధి పొడవునను సాగదీసిన పడుగులమీద వ్రాలి తెల్లని నూలును పసిడిపోగులవలె మెఱయించుచుండెను. ఆ వీధి కొనయందలి పెంకుటింటి వసారాలో పైడితల్లి గంజి వడియగట్టుచుండెను.

మూత్రపిండములు చెడి మృత్యుముఖమున నిలిచిన తమ్ముడు గవరయ్యకు తన మూత్రపిండములలో నొకదానిని కోయించి యిచ్చిన యా యక్క, పరదేహమునుండి వచ్చిన యవయవమును శరీరము శత్రువుగ నెంచి చంపకుండుటకై వైద్యులు జీవితాంతము వాడుమనిన గుళికలను ప్రతిదినమును మగ్గము కడకు గొనిపోయి యిచ్చుచుండెను. "ఏసుకున్నావేట్రా?" యని యామె యడుగుటయు, తల యెత్తకయే "ఏసుకున్నానప్పా" యని యతడు పలుకుటయు నా యింట నిత్యకృత్యములు.

మగ్గము ప్రక్కనుండు కుండలోని గంజిని పడుగునకు పూయుటకై వడియగట్టుట యెల్లప్పుడును గవరయ్య పనియే. నాడు మాత్రము పాదములు పొంగి యతడు పడకనుండి లేవజాలకపోవుటచే నామె యందులకు పూనుకొనెను. గుడ్డమీద మెతుకులతో గూడ సగము కరగిన గుళికలు మిగిలెను.

ఆమె యా గుడ్డను తమ్ముని యెదుట పఱచెను.

"ఇయేట్రా?"

గవరయ్య గోడవైపునకు మొగము త్రిప్పికొనెను. "అయి మింగితే సెయ్యి వణుకుతాదప్పా. పోగులు తెగిపోతన్నాయి. ఈదిలో అందరూ నవ్వినారు. సెయ్యి నిలవనోడు నేతగాడేటి?"

"నాకెందుకు సెప్పలేదు?"

"సెప్తే మింగమంటావు."

"డొక్క కోసిచ్చినాన్రా నీకు! పారెయ్యడానికి నా గంజికుండే దొరికిందా?"

ఆమె క్రొత్త గుళికను దెచ్చి యతని యఱచేత నుంచి మింగువఱకు కదలక నిలిచెను. ఆ యవయవ మింక బ్రతుకునో బ్రతుకదో పట్టణమునందలి వైద్యులే చెప్పవలెను.

ఆటో పిలుచుటకై వీధిలోనికి బోవుచు పైడితల్లి మగ్గముకడ నాగెను. దానిమీద మామిడిపిందెల యంచు సగము నేయబడియుండెను. తమ్ముని చేయి కుదిరినదని పొంగిపోయి యా యంచును తానే యిరుగుపొరుగులను బిలిచి చూపియుండెను. అందలి ప్రతి పిందెయు తనకు చెప్పిన యొక్కొక్క యబద్ధమని యిప్పు డామెకు దెలిసెను. ఆమె వ్రేళ్లు తన డొక్కమీది కోతమచ్చను తడవికొనెను.

మగ్గముమీద నొక్క పోగైనను తప్పలేదు.