వంచిన తల

నేను ఒక సింహం తలను. మెడ కింద ఒళ్ళు లేదు, ఆకుపచ్చ గుడ్డ ఉంది. జపాన్‌లో ఒక కొండపల్లెలో నన్ను తేలికైన చెక్కతో చెక్కి, ఎర్ర లక్క పూసి, బంగారు పళ్ళు పెట్టారు. ఏటా పంట కోతలయ్యాక, గుడి ఉత్సవంనాడు నన్ను ఇంటింటికీ తిప్పి ఆడించేవారు. నేను పిల్లల తల కొరికితే ఏడాదిపాటు జబ్బు దరిచేరదని వాళ్ళ నమ్మకం. నోరు నాదే గానీ, గుడ్డ కింద దూరి దాన్ని తెరిచే చేతులు తొకుజిరోవి. ఆటకు పెద్ద ఆయనే. నా కాపురమూ ఆయన ఇంట్లోనే.

చావు జరిగిన ఇంటి గడప ఏడాదిదాకా సింహం తొక్కకూడదు, ఆ ఇంటివాళ్ళను తాకకూడదు. మైల. ఈ విషయంలో తొకుజిరో నిప్పులాంటి మనిషి.

ఒక వేసవిలో కియో అనే ఆమె భర్త ఏట్లో పడి చనిపోయాడు. ఆరేళ్ళ కూతురు మిత్సును దగ్గు పట్టుకుని వదలడంలేదు. ఉత్సవంనాడు కియో ఆ పిల్లను తీసుకొచ్చి దారిపక్కన నిలబడింది.

“మా ఇంటికి రావద్దులెండి. ఇక్కడే ఒక్కసారి దీని తల కొరికించండి, మీకు పుణ్యముంటుంది.”

“మైలమ్మా, కుదరదు. వచ్చే ఏడు చూద్దాం,” అన్నాడు తొకుజిరో.

పిల్ల అప్పటికే తల వంచేసింది. ఆయన నన్ను పక్కకు తిప్పేశాడు. ఆ చలికాలంలోనే మిత్సు పోయింది.

మూడేళ్ళ తర్వాత, సరిగ్గా ఉత్సవంనాటి తెల్లవారుజామున తొకుజిరో తల్లి కన్నుమూసింది. ఆయన కాసేపు ఆమె పక్కన కూర్చున్నాడు. తర్వాత తలుపు దగ్గరగా వేసి, నన్నెత్తుకుని బయల్దేరాడు. నీతులన్నీ ఎదుటివాళ్ళకే కదా. ఆ రోజు నలభై తలలు కొరికించాడు. గుడ్డ కింద ఆయన ఏడవడం విన్నాను, జాలి మాత్రం కలగలేదు. సాయంత్రం ఇంటికొచ్చి, అమ్మ ఇప్పుడే పోయిందని ఊళ్ళో చెప్పాడు.

శవానికి స్నానం చేయించడానికి కియో వచ్చింది. ముసలమ్మ చేతులు కొయ్యబారిపోయి ఉన్నాయి. వాటిని పట్టుకునే తొకుజిరో వంక చూసింది.

“పొద్దున్నే పోయారు కదండీ.”

ఆయన తల దించుకున్నాడు. కియో నీళ్ళు పోసింది.

ఆ నలభై మంది పిల్లలకూ ఏడాదంతా జలుబైనా చేయలేదు.

ఇప్పుడు మ్యూజియంలో, అద్దాల పెట్టెలో ఉన్నాను. పిల్లలను కాపాడే మహిమగల సింహమని కింద బోర్డు పెట్టారు. నాకు మహిమ ఉందో లేదో నాకే తెలియదు. లేకపోతే, ఆ చిన్న తలను కొరికితే మాకేం పోయేది? ఉంటే, ఆ పిల్లను చంపింది మేమే.