కంట్రోలు నూలుకు రాఘవమ్మ అర్జీ

"బొటనవేలు ఇటియ్యి వదినా, మిగతాది నేను చూసుకుంటా" అన్నాడు మా మరిది పాండురంగయ్య. నేను వీధిలో పడుగుకు గంజి పెడుతున్నాను. మోచేతుల దాకా గంజే. పామర్రులో అర్జీలు రాసే బసవపున్నయ్య గారి చేత అప్పటికే రాయించుకొచ్చాడు. నాకు అందకుండా పట్టుకుని తనే చదివాడు. మహారాజశ్రీ బెజవాడ నూలు ఆఫీసరు గారి పాదపద్మములకు దిక్కులేని విధవరాలు రాఘవమ్మ చేసుకొను మనవి. నా భర్త ఆదిశేషయ్య పోయినందున మగ్గం మూలపడినది. కంట్రోలు నూలు కార్డు నా మరిది పేరున మార్చవలెను.

మరి నేను గంజి పెడుతున్న ఈ పడుగు ఎవరు నేయడానికని అతను అడగలేదు.

మా ఇంట్లో ఆడవాళ్ళు కండెలు చుట్టాలి, గంజి పెట్టాలి. మగ్గం గుంటలో కాలు పెడితే నేత అచ్చిరాదనేది మా అత్త భద్రమ్మ. "నేతగాణ్ణి నేను. నువ్వు చేతికింద మనిషివి" అనేవాడు మా ఆయన. ఆ నేతగాడికి దగ్గు పట్టుకుని కాళ్ళు ఆడకపోతే, తలుపేసి నన్నే గుంటలోకి దింపాడు. తను గడప పక్కన కూర్చుని దగ్గేవాడు. వీధికి దగ్గూ వినపడేది, మగ్గం చప్పుడూ వినపడేది. రెండూ ఒక్కడివే అనుకున్నారు. రెండేళ్ళు. షావుకారు చీర మడత విప్పి "ఆదిశేషయ్య చెయ్యే వేరు" అంటే మురిసిపోయి, ఆ మాట మళ్ళీ నాకే చెప్పేవాడు. పోయే ముందు నా చెయ్యి పట్టుకుని "బయట అనకే" అన్నాడు.

మనిషి పోయాడు, దగ్గు పోలేదు. పట్టపగలు గుంటలో దిగి పేక విసిరే నాడె పట్టుకుంటే చాలు, గడప పక్కన దగ్గు. పైకొచ్చేస్తే ఆగుతుంది. అందుకే మగ్గం మూలపడింది. ఇవాళ మళ్ళీ దిగి చూద్దామనే ఈ పడుగు. పిచ్చంటారని ఎవరికీ చెప్పలేదు.

"వదినా, వేలు."

"చేతులు కడుక్కోనీ."

కడుక్కుని, అతని జేబులో పెన్సిలు అడిగి తీసుకుని, కాగితం వెనక్కి తిప్పాను. నూలు కట్టల మీది చీటీలు చూసి కూడబలుక్కుని నేర్చుకున్న అక్షరాలు నావి.

"ఏందది, ముగ్గా?" నవ్వాడు.

పాదపద్మాలు రాయలేదు. దిక్కులేనిదాన్నని రాయలేదు. నేసేవాళ్ళకే కంట్రోలు ధరకు నూలని ఆఫీసువాళ్ళు దండోరా వేయించారు. అంటే చెప్పాల్సింది ఒక్కటే. అక్కడ పెన్సిలు ఆగింది. నాడె ముట్టకుండానే, నా వెనక గడప దగ్గర, దగ్గు మొదలైంది. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని ఇన్నేళ్ళూ నోట అనలేదు. ఇప్పుడెవరి ఆయుష్షు కాపాడాలి? పేరుతో సహా రాసేశాను.

"ఏం రాశావు? చదువు." అతని మొహంలో నవ్వు లేదు.

దగ్గు పెద్దదైంది. దాని మీద నుంచి, వీధంతా వినపడేలా చదివాను.

"నా భర్త ఆదిశేషయ్య పోయే ముందు రెండేళ్ళు నేయలేదు. నేసింది నేను. ఇకమీదట నేసేదీ నేనే. కార్డు నా పేరున ఇవ్వవలెను."