ముప్పై ఒకటో తారీఖు వాళ్లు

కంటాసుపత్రిలో కంప్యూటర్లు చూసే ఆయన తన బావకు బామ్మర్ది, బడాయికి పెద్దన్న. నర్సమ్మ చేత్తో రాసుకునే నోటుబుక్కును అటకెక్కించి, దాని బదులు ఒక క్వెరీ, అంటే ఏ రోజు ఎవరి పేరు తీయాలో కంప్యూటరుకు చెప్పే ఆదేశం, రాశాడు. నెలనెలా కంట్లో ఇంజెక్షను వేయించుకోవాల్సిన వాళ్లకు ఆ క్వెరీయే మెసేజీ పంపుతుంది. "నోటుబుక్కు నోరు మూసుకుంది," అని జోకేసి, తనే నవ్వాడు.

బావ దర్జీ. బట్టకూ సూదే, కంటికీ సూదే. ఏప్రిల్లో ఇంజెక్షను తప్పింది. జూన్‌లో మళ్లీ తప్పింది. జూలైకల్లా సూదిలోకి దారం ఎక్కడం మానేసింది.

"మెసేజీ రాలేదోయ్," అన్నాడు బావ.

"వచ్చే ఉంటుంది బావా. చూసే కళ్లుండాలి!"

ఇంటిల్లిపాదీ నవ్వారు. బావ కూడా నవ్వాడు.

అక్క మాత్రం మొగుణ్ని వారం రోజులు ఉతికి ఆరేసింది. "కాజాలు గుర్తుంటాయి, కన్ను గుర్తుండదా?"

మెసేజీ వెళ్లిందని బావ ముఖాన రుజువు పెడదామని బామ్మర్ది ఒక పొద్దున్న క్వెరీ తెరిచాడు. మొదటి ఇంజెక్షను తారీఖు, ఇవాళ్టి తారీఖు ఒకే అంకె అయితే మెసేజీ పంపు. రాసింది అంతే. బావ మొదలుపెట్టింది మార్చి ముప్పై ఒకటిన. ఏప్రిల్‌కు ముప్పయ్యే రోజులు. జూన్‌కూ అంతే. లేని తారీఖు కోసం కంప్యూటరు మర్యాదగా కాచుకుని, ఊరుకుంది. పిడికిలి కణుపుల మీద నెలలు లెక్కపెట్టే పిల్లకైనా తెలిసే సంగతి!

చెవులు భగ్గుమన్నాయి. ఆ తారీఖు లేకపోతే నెలాఖరు రోజున పంపేలా దిద్దడానికి పది నిమిషాలు పట్టలేదు. ఎవరికీ తెలియదు. నోరు మూసుకుంటే సరి.

ఆ మధ్యాహ్నమే అక్కాబావలతో డాక్టరమ్మ గదికి వెళ్లాడు.

"రెండుసార్లు ఎగ్గొట్టారు. పోయిన చూపు తిరిగి రాదు," అంది డాక్టరమ్మ.

"నాదే బుద్ధి తక్కువమ్మా." బావ తల దించుకున్నాడు.

"బావది కాదండీ. నాది." మొత్తం చెప్పాడు. ఒక్క జోకూ నోటికి రాలేదు.

అక్క తిట్టలేదు. మొగుడి చెయ్యి పట్టుకుని, తమ్ముడివైపు చూడకుండా కూర్చుంది. తిట్టినా బాగుండేది.

చివరికి బావే అడిగాడు. "నాలాంటివాళ్లు ఇంకెంతమందోయ్?"

"పద్నాలుగు మంది."

"చెప్పావా?"

"లేదు బావా."

"మరి ఇక్కడేం చేస్తున్నావ్?"

బయట కౌంటరు దగ్గర ఫోనెత్తి మొదటి నంబరు నొక్కాడు. ఎవరో పెద్దావిడ పలికింది.

"అమ్మా, కంటాసుపత్రి నుంచి..."

"అయ్యో బాబూ, ఏమనుకోకు," అందావిడ కంగారుగా, "మొన్న ఇంజెక్షనుకు రావడం నేనే మర్చిపోయాను."