శిక్షతో సరిపోదు

ఆమె నడిపే బేకరీలో ఓవెన్‌కు కొత్త గ్యాసు గొట్టం బిగించింది తమ్ముడే. ఫోనులో కబుర్లాడుతూ బిగించి, సరిచూడకుండానే వెళ్లిపోయాడు. మర్నాడు ఆమె అగ్గిపుల్ల గీసేసరికి మంట భగ్గుమంది. ప్రాణం దక్కింది గానీ కుడిచేతి వేళ్లు కాలి కొయ్యబారిపోయాయి.

ఆమె భర్త పాస్టరు. ఎన్నడూ గొంతు పెంచని మనిషి, ఇప్పుడు బావమరిది పేరెత్తితే చాలు నిప్పులు కక్కుతున్నాడు.

"తప్పుకు శిక్ష పడాల్సిందే. దేవుడంతటివాడే పాపాన్ని ఊరికే వదల్లేదు. ఆ కోపమంతా సిలువ మీద తన కొడుకుపైన కుమ్మరించాడు."

ఆమె ఆసుపత్రి నుంచి ఇల్లు చేరిన వారానికి తమ్ముడు గడపలో నిలబడ్డాడు. గడ్డం మాసి, మొహం పీక్కుపోయి ఉంది.

"బావా, నన్ను పోలీసులకు అప్పగించండి. జైల్లోనన్నా నిద్ర పడుతుందేమో."

పాస్టరు ఫోను అందుకున్నాడు. ఆమెకూ కోపం లేకపోలేదు, కట్టు మార్చిన ప్రతిసారీ వాణ్ణి తిట్టుకుంటూనే ఉంది. అయినా అడ్డుపడింది.

"బాగానే ఉందిరా నీ తెలివి! నువ్వు హాయిగా జైల్లో పడుకుంటే ఇక్కడ పిండెవడు పిసుకుతాడు? ముందు ఈ కట్టు విప్పు. నువ్వు చేసింది కళ్లారా చూడు."

వాడు విప్పాడు. చూసి, అక్కడే కూలబడి ఏడ్చాడు.

"మరి న్యాయం?" అన్నాడు పాస్టరు.

"వీడు జైలుకెళ్తే నా వేళ్లు వంగుతాయా? ఆ సిలువ మీద కూడా, కోపం చల్లారడానికి తండ్రి కొడుకుని కొట్టాడంటే నాకు మనసొప్పదండీ. మనల్ని బాగుచెయ్యడానికి దేవుడు ఆ కొడుకుని పంపాడు. కొట్టింది మనం. అయినా మన చెయ్యి వదల్లేదు."

"అలాగని తప్పు ఒప్పయిపోదు."

"పోదు. అందుకేగా సరిచెయ్యమంటున్నాను."

ఆయన ఫోను కింద పెట్టాడు గానీ బావమరిదితో మాట్లాడ్డం మానేశాడు.

తమ్ముడు రోజూ తెల్లారకముందే బేకరీకి వచ్చేవాడు. మొదట్లో రొట్టెలు రాళ్లలా వచ్చాయి. "వీటితో గోడ కట్టొచ్చురా," అని అక్క నవ్వితే వాడూ నవ్వాడు. కట్టు తీసేశాక, మధ్యాహ్నం అక్క చేతికి నూనె రాసి ఒక్కో వేలూ వంచేవాడు. ఆమె నొప్పికి కేకలు పెడితే వాడికి కళ్లనీళ్లు కారేవి. డాక్టరు చెప్పాడు కనక ఆపేవాడు కాదు.

ఒకనాడు ఆ కేకలకు పాస్టరు లోపలికొచ్చాడు. కాసేపు చూసి పక్కన పీట వేసుకున్నాడు.

"నువ్వు కాస్త ఊపిరి తీసుకోరా. ఎలా వంచాలో నాకు చూపించు."

వాడు పక్కకు జరిగి నూనెగిన్నె బావకు అందించాడు.

ఆ ఆదివారం ఆయన ప్రసంగంలో తడబడ్డాడు. "దేవుడి కోపం గురించి ఇన్నేళ్లు చెప్పాను. చెడినదాన్ని చెడినట్టే వదిలెయ్యలేకపోవడమే ఆ కోపమేమో. ఇంకా నేర్చుకుంటున్నాను."

ఆమె వేళ్లు ఇంకా పూర్తిగా వంగవు, ఎప్పటికీ వంగకపోనూవచ్చు. చెంచా మాత్రం పట్టుకోగలుగుతోంది.