చుట్టానికి వలిచిన రొయ్యలు

ప్లేటు రాగానే నా వేళ్ళు వాటి పని అవి మొదలుపెట్టేశాయి. తల విరవడం, పొట్టు తీయడం, నడుం మీద నల్లనరం లాగడం. ఆరు రొయ్యల తలలూ ప్లేటు అంచున వరసగా చేరాయి. రేపల్లె దగ్గర రొయ్యలు వలిచే షెడ్డులో మా అమ్మ పోలమ్మ చేసేదీ ఇదే, నాకంటే నాలుగు రెట్లు జోరుగా.

నేనున్నది మాత్రం స్పెయిన్‌లో, విగో అనే రేవు ఊళ్ళో, ఒక ఇరుకు హోటల్లో. దీన్ని తపాస్ హోటల్ అంటారు. అన్నీ చిన్న చిన్న ప్లేట్లే, ఒక్కో ప్లేటూ తెప్పించుకుని నిలబడే తినేయొచ్చు. ఒక్కదాన్నే ఇలాంటి చోటికి రావాలని ఎన్నాళ్ళుగానో అనుకున్నాను, వీడియోలు చూసి చూసి పేర్లు కూడా కంఠతా పట్టాను. వచ్చాను కూడా. కాకపోతే ఈ దేశం వచ్చిన పని పొద్దున్న పదకొండింటికే చెడిపోయింది.

అమెరికా సుంకాలు పెరిగాక మాకు ఆర్డర్లు ఆగిపోయాయి. ఇక్కడ రొయ్యలు కొనే స్పెయిన్ వ్యాపారి ఒకాయన మా సరుకు తీసుకుంటేనే షెడ్డు ఉంటుంది, లేకపోతే ఒకటో తారీఖున మూసేస్తామని ఓనరు చెప్పేశాడు. అడవులదీవి నుంచి ఆటోల్లో వచ్చే నలభై రెండు మంది ఆడవాళ్ళ పని అది. విజయవాడలో డిగ్రీ చేసి వచ్చి అక్కడ క్వాలిటీ చూసేది నేను, ఇంగ్లీషు వచ్చింది నాకే, అందుకే నన్ను పంపారు. శాంపిల్ పెట్టె నా వెనకాల వేరే విమానంలో వచ్చింది.

తలతో కావాలని ఆయన మెయిల్లో రాశాడు. ఇక్కడ అందరూ తలతోనే తింటారట. తలతో అయినా ఏరడం, కడగడం, పేర్చడం మా వాళ్ళ పనే కదా అని నేను ఎగిరి గంతేశాను. ఆ హడావుడిలో తెనాలి బస్సు ఎక్కుతూ కిటికీలోంచి అమ్మకి అరిచి చెప్పాను.

"అమ్మా, శాంపిల్ బాగుండాలి! మనింటికి చుట్టం వస్తే ఎలా చేస్తామో అలా చెయ్యండి!"

తల సంగతి చెప్పలేదు. మెయిలు నా ఫోన్లోనే ఉండిపోయింది.

మా ఇళ్ళల్లో చుట్టానికి తల ఉన్న రొయ్య పెట్టడమంటే అవమానించినట్టే. పొద్దున్న ఆయన ముందు పెట్టె తెరిస్తే, ఒక్కదానికీ తల లేదు, నరం లేదు, పొట్టు లేదు. తెల్లగా, మల్లెమొగ్గల్లా పేర్చి ఉన్నాయి. ఆయన ఒకటి చేత్తో పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇంత శుభ్రంగా చేసినవి నేనెప్పుడూ చూడలేదు," అన్నాడు. "కానీ ఇవి మాకు పనికిరావు. రెండో శాంపిల్‌కి టైం లేదు. మధ్యాహ్నం వేరే దేశం వాళ్ళతో సంతకాలు."

నేను బతిమాలాను. ఆయన మర్యాదగా లేచి తలుపు తీశాడు.

ఇప్పుడు కౌంటరు వెనకాల పెద్దావిడ నా ప్లేటు చూసి గట్టిగా ఏదో అంది. నేను తీసి పక్కన పెట్టిన తలల్లో ఒకటి పట్టుకుని, నోట్లో పెట్టుకుని జుర్రి చూపించింది. నేనూ జుర్రాను. వెల్లుల్లి, ఉప్పు, నూనె, వెనకాల మా నిజాంపట్నం కాలవ వాసన. ఇంత రుచి ఇన్నేళ్ళూ కోళ్ళ దాణాలోకి పోయిందా! ఒంటరిగా, హాయిగా, మిగిలిన తలలన్నీ జుర్రేశాను. ఇంకో ప్లేటు తెప్పించుకున్నాను. అంత బాగుంది. అంత బాగుంది కాబట్టే మా వాళ్ళ చేతులు ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు.

అప్పుడే అమ్మ వీడియో కాల్ చేసింది. అక్కడ సాయంత్రం, పక్కన చిట్టి పిన్ని మొహం.

"ఏంటే భవానీ, ఒక్కదానివే మేసేస్తన్నావా?" అంది పిన్ని.

"ఆయనకి నచ్చినాయా?" అంది అమ్మ.

"ఇంత శుభ్రంగా ఎప్పుడూ చూడలేదన్నాడమ్మా."

"విన్నారటే! ఎప్పుడూ చూళ్ళేదంట!" పిన్ని వెనక్కి తిరిగి కేక వేసింది. షెడ్డంతా నవ్వులు. ఎవరో ఈల కూడా వేశారు.

అమ్మ నా ప్లేటు చూసింది. "అదేంటే, తలలు కూడా తియ్యకుండా పెట్టారు! పాపం, వాళ్ళకి చేసేవాళ్ళు లేరా?"

"మేమొచ్చి చేస్తాం, టికెట్లు పంపమనవే!" పిన్ని మళ్ళీ అరిచింది.

నేను నవ్వబోయాను. మొహం ఎలా అయిందో ఏమో, అమ్మ ఫోను పట్టుకుని ట్యాంకు పక్కకి వచ్చేసింది.

"ఏమైందే?"

"ఆర్డరు రాలేదమ్మా. తలతో కావాలన్నాడు. మీకు చెప్పడం మర్చిపోయాను."

అమ్మ చేతికి గ్లౌజు ఉంది, దాంతోనే నుదురు తుడుచుకుంది.

"ఇంకో పెట్టె పంపితే?"

"ఈపాటికి సంతకాలు అయిపోయుంటాయి."

"మరి ఒకటో తారీఖు?"

ఫోన్లో అమ్మ వెనకాల ఇంకా నవ్వులు వినిపిస్తున్నాయి.

"వలవాల్సినవి ఇంకా రెండు ట్రేలున్నాయి," అంది అమ్మ మెల్లగా. "అవి అయ్యాక చెప్తాలే వీళ్ళకి. ఇప్పుడు చెప్తే చేతులు ఆడవు." ఆగి, "తిను, చల్లారిపోతాయి," అంది.

కాల్ ఆగిపోయింది. రెండో ప్లేటులో ఆరు ఉన్నాయి. చల్లారిపోయాయి. నేను ఒక్కోటీ తీసుకుని తల విరిచి పక్కన పెట్టాను. ఈసారి జుర్రబుద్ధి కాలేదు.