పేరు చెప్పని పసరు

కూర్మమ్మ నోరు ఎటువంటిదో భావనపాడంతటికీ తెలుసు. కోటబొమ్మాళి సంతలో చేపల తట్ట దించి ఆవిడ ఒక్క కేక వేసిందంటే, అటు చివర బెల్లం అమ్ముకునేవాడు కూడా తలెత్తి చూడాల్సిందే. ఇంట్లో ఏం వండిందో, మొగుడితో ఎందుకు తగువొచ్చిందో, అన్నీ బేరంతో పాటే బయటపడేవి. కడుపులో మాట దాచుకోవడం ఆ మనిషికి చేతకాదు. అలాంటి మనిషి తన బతుకులో ఒకే ఒక్క సంగతి దాచింది. అదొక్కటీ నోరు జారి ఉంటే ఎంత బాగుండేది!

ఆవిడ మొగుడు గంగులుకి కిడ్నీలు పోయాయి. వారానికి రెండుసార్లు ఆసుపత్రికి వెళ్ళి రక్తం కడిగించుకోవాలి. ఒకప్పుడు ఒంటి చేత్తో పడవను ఇసకలోకి లాగిన మనిషి, ఇప్పుడు గడప దాటాలంటే గోడ పట్టుకుంటున్నాడు. డయాలసిస్ డాక్టరు విశాలి తినకూడనివన్నీ ఏకరువు పెట్టింది. కొబ్బరినీళ్ళు వద్దు, అరటిపండు వద్దు. ఆకుకూర తినాలనిపిస్తే బాగా ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, కాస్తంత పెట్టమంది.

"సారమంతా నీళ్ళలోనే ఉంటాది గదా! అది పారబోసి పిప్పి పెట్టమంటాదేటి ఈ పిల్ల?" అని కూర్మమ్మ ఆసుపత్రి వరండాలోనే మూతి తిప్పింది. పక్కన కూర్చున్న మరిడమ్మ కిసుక్కున నవ్వింది. మరిడమ్మది వీళ్ళ వీధే. ఆవిడ మొగుడిదీ ఇదే జబ్బు. ఇద్దరు మొగుళ్ళూ ఒకే ఆటోలో ఆసుపత్రికి వెళ్ళొస్తారు.

కూర్మమ్మ తల్లి ఆ చుట్టుపక్కల ఊళ్ళకి పచ్చకామెర్ల పసరు పోసిన మనిషి. ఆవిడ దగ్గర మందుకో నియమం ఉండేది. తెల్లారకముందే లేచి, ఎవరితోనూ మాట్లాడకుండా ఆకు కోయాలి. నలభై రోజుల మండలం పూర్తయ్యేదాకా ఒక్క పూట కూడా మానకూడదు. అన్నింటికీ మించి, ఆకు పేరు పైకి చెప్పకూడదు. చెప్పిన రోజునే మందు చచ్చిపోతుంది. కూతురికి కూడా ఆ పేర్లు పోయేముందు చెవిలో చెప్పి పోయింది. ఒళ్ళు వాచి, నీరు పట్టినవాళ్ళకి ఏం పొయ్యాలో కూడా అప్పుడే చెప్పింది.

అది గలిజేరు. పెరట్లో, సరుగుడు చెట్ల కింద ఇసకలో ఎర్రటి కాడలతో పాకి ఉంటుంది. నాటినవాళ్ళు లేరు, నీళ్ళు పోసినవాళ్ళు లేరు. బాలింతలకి పప్పులో వేసి పెట్టిన కూరే. కూర్మమ్మ తనూ తిన్నది, పిల్లలకీ పెట్టింది. తిని చెడినవాళ్ళని ఆవిడ చూడలేదు. అదీ ఆవిడ ధైర్యం.

చీకటుండగానే లేచి ఒడినిండా కోసుకొచ్చింది. రోట్లో వేసి దంచి, గుడ్డలో పిండి, పెద్ద గ్లాసుడు పసరు తీసి మొగుడి చేతికిచ్చింది.

"ఏటిదే?"

"అడక్కు మావా. తాగీసి నోరు మూసుకో. ఎవులడిగినా సెప్పకు. సెప్తే పనిసెయ్యదు."

గంగులు ముఖం చిట్లించుకుని తాగాడు. నిజం చెప్పాలంటే మొదట్లో గుణం కనిపించింది కూడా. పాదాల వాపు తగ్గింది. మూత్రం మరికాస్త ఎక్కువగా పోతోందన్నాడు. ఓ సాయంత్రం తనంతట తనే ఒడ్డుకి వెళ్ళి, ఎవరో వల దులుపుతుంటే సాయం పట్టాడు. ఆ కబురు విని కూర్మమ్మ పొయ్యి దగ్గరే కూలబడి ఏడ్చింది. అంత సంబరం! చెప్పుకోడానికి మాత్రం లేదు. సంతలో ఆడవాళ్ళు "మీ ఆయనకి నిమ్మళంగా ఉన్నాదంట గదే?" అంటే, "ఆ కూర్మనాథుడి దయ" అని పెదవులు బిగించుకునేది.

ఆ తర్వాత ఓ పొద్దున్న గంగులు మంచం దిగబోయి దిగలేకపోయాడు.

"కాళ్ళు నా మాట ఇనడం నేదే," అన్నాడు. "గుండెకాడ ఏటో తప్పుతన్నాది."

నూటెనిమిది బండిలో ఆసుపత్రికి చేర్చారు. డాక్టరు విశాలి గుండె గీతల కాగితం చూసి నర్సుల్ని పరుగులు పెట్టించింది. రక్తంలో పొటాషియం మితిమీరిపోయిందట. అప్పటికప్పుడు మిషను పెట్టారు. సాయంత్రానికి మనిషి కళ్ళు తెరిచాడు. అప్పుడు డాక్టరు కూర్మమ్మని పక్కకి పిలిచింది.

"కొబ్బరినీళ్ళు తాగాడా అమ్మా?"

"నేదమ్మా."

"ఆకుమందు ఏదైనా ఇచ్చావా? నేనేమీ అనను. తెలిస్తే చాలు, దాన్ని ఆపించొచ్చు."

తిట్టి ఉంటే కూర్మమ్మ ఎదురుతిట్టేది, ఆ తిట్లలోనే నిజం బయటికొచ్చేసేది. ఆ పిల్ల మెత్తగా అడిగింది. కూర్మమ్మకి నాలుక చివరిదాకా వచ్చింది. చావు నోట్లోంచి మనిషి వెనక్కి వచ్చాడు కదా, అది పసరు బలమే అనుకుంది. ఇప్పుడు పేరు చెప్పి ఆ బలాన్ని చేతులారా చంపుకోవడమా? మంచం మీంచి గంగులు ఆవిడ ముఖంలోకే చూస్తున్నాడు. ఆవిడ కళ్ళతోనే వద్దంది.

"ఏటీ ఇవ్వనేదమ్మా," అంది.

ఆ రాత్రి ఆటోవాడితో ఇంట్లో పిండి ఉంచిన పసరు సీసా తెప్పించింది. ఒక్క పూట మానినా మండలం చెడుతుందని భయం. దుప్పటి చాటున సీసా మొగుడి నోటికి అందించింది. పొద్దున్నే మరోసారి. ఆ ఉదయమే, నర్సు టిఫిను పెట్టమని చెప్పి వెళ్ళిన కాసేపటికి, గంగులు "ఒసే" అని పిలిచి, చెప్పబోయిన మాట చెప్పకుండానే ఆగిపోయాడు. ఛాతీ మీద ఎంత నొక్కినా లేవలేదు.

పక్క సర్దుతుంటే నర్సుకి సీసా దొరికింది. అడుగున పచ్చటి మడ్డి. డాక్టరు మూత తీసి వాసన చూసింది.

"ఇప్పుడైనా చెప్పమ్మా," అంది.

కూర్మమ్మ చెప్పింది.

డాక్టరు మంచం అంచున కూర్చుండిపోయింది. "మంచి ఆకేనమ్మా. ఒంటికి బలమే, వాపూ తీస్తుంది. నువ్వు తిన్నా నేను తిన్నా మంచిదే. అందులో పొటాషియం ఎక్కువ. మన ఒంట్లో మిగిలింది కిడ్నీ బయటికి పంపేస్తుంది. ఈయనకి పంపేది లేదు కదా. అంతా రక్తంలోనే ఉండిపోయి గుండెని ఆపేసింది. నిన్న నేనడిగినప్పుడు..." అని, కూర్మమ్మ ముఖం చూసి మిగతా మాట మింగేసింది.

మింగకుండా అనేసినా బాగుండేది. ఆ మిగతా మాట కూర్మమ్మ తనకి తానే రోజంతా చెప్పుకుంటోంది ఇప్పుడు.

పెద్దకర్మ అయ్యేదాకా గడప దాటకూడదని ఆవిడని మూల కూర్చోబెట్టారు. వచ్చినవాళ్ళంతా "ఎంత సేసినావే తల్లీ, ఏటి తక్కువ సేసినావు!" అని ఒళ్ళు నిమిరారు. ఆ మాట విన్నప్పుడల్లా ముఖం గోడకేసి తిప్పుకునేది. నేనే చంపాను అని ఎవరితో అనగలదు? ఏ నోటితో అనగలదు?

అందరూ వెళ్ళాక మరిడమ్మ పక్కకి జరిగింది. గొంతు తగ్గించింది.

"అప్పా, కోప్పడకు. నువ్వు సీకట్నే లేసి కోస్తంటే నాను సూసినాను. ఆ ఆకే మా ఆయనకీ పోస్తన్నాను. కాళ్ళ వాపు తీసీసినాది, అన్నం తింటన్నాడు. పూటకెంత పొయ్యాలో తెలవక అడుగుతన్నాను. ఆ ఒక్కటీ సెప్పు."

కూర్మమ్మ చప్పున ముందుకి వంగి, మరిడమ్మ రెండు చేతులూ పట్టుకుంది.

"పారబొయ్యే! ఇప్పుడే ఎల్లి పారబొయ్యి! మావని ఆ ఆకే తినీసినాది. నానే పోసినాను, నా సేత్తో నానే సంపీసినాను. డాక్టరమ్మకి సెప్పు, ఇయ్యాలే సెప్పు!"

మరిడమ్మ చేతులు విదిలించుకుంది. "నీ మొగుడు పోనాడని నా మొగుడు బతక్కూడదేటి అప్పా?" అని, కొంగు దులుపుకుని లేచిపోయింది.

కూర్మమ్మ మూలలోంచి లేచింది. పిల్లలు పట్టుకుంటున్నా ఆగకుండా గడప దాటి, జుట్టు విరబోసుకుని వీధిలోకి వచ్చి, సంతలో వేసే గొంతుతో కేక వేసింది.

"గలిజేరే అది! ఒసే మరిడీ, గలిజేరు! పొయ్యకే!"

"పేరెత్తకే నీకు దణ్ణవెడతాను, మందు సెడిపోద్ది!" అని అరుస్తూ, మరిడమ్మ రెండు చెవులూ మూసుకుని ఇంట్లోకి పరుగెత్తి తలుపేసుకుంది.