చడావ్ ఎక్కని పికప్పు

కామాటిపుర పదకొండో గల్లీలో ఇంజను గురించి మాట్లాడనివాడు లేడు. తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. ఎనభై నాలుగులో లస్మయ్య తన పికప్పును మూడోసారి నా షెడ్డు ముందు ఆపగానే మా చాల్ వరస ఇళ్లలో సగం మంది వైద్యులైపోయారు. పాన్ డబ్బా పెంటయ్య ప్లగ్గులు పోయాయన్నాడు. టాక్సీ నడిపే ముత్తయ్య కార్బురేటర్ కడగమన్నాడు. అది డీజిల్ బండి. దానికి ఆ ప్లగ్గులూ లేవు, కార్బురేటరూ లేదు. వీళ్ల తెలివికి దండం పెట్టాలి.

లస్మయ్య పాలమూరు వైపు నుంచి వచ్చిన మేస్త్రీ. వెంట పద్నాలుగు మంది కూలీలు. మా తాత కూడా తట్ట మోయడానికే బొంబాయి వచ్చాడు గానీ, ఆ ముచ్చట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. గోడ కట్టడం వచ్చింది కదా అని ఈ లస్మయ్య బండి కూడా కొన్నాడు. మీటరు అంకెలన్నీ ఒక చుట్టు తిరిగి సున్నాకొచ్చి, మళ్లీ సగం దూరం పోయిన బండి. రెండు వారాల క్రితం నేనే ఇంజను విప్పి పిస్టన్లకు కొత్త రింగులు వేశాను.

"ఖాళీగ మంచిగనే ఉరుకుతది ఉస్తాద్. ఇసుక ఏసుకొని మలబార్ హిల్ గుట్ట మీదికి చడావ్ ఎక్కబోతే దమ్ము పోతది. నల్లటి పొగ. సైకిలోడు గూడ దాటిపోతున్నడు" అన్నాడు చేతులు కట్టుకుని. చేతులు కట్టుకుని నిలబడే మనిషిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మర్నాడు పది గంటలలోగా కొండ మీది సైటుకు ఇసుక చేరకపోతే, పని వేరే ముఠాకు ఇచ్చేస్తానని కాంట్రాక్టరు చెప్పాడట. అది పోతే పద్నాలుగు మందికీ పని లేదు.

నల్ల పొగంటే డీజిలైనా ఎక్కువై ఉండాలి, గాలైనా తక్కువై ఉండాలి. డీజిల్ ఫిల్టరు విప్పాను, శుభ్రంగా ఉంది. ఇంజెక్టర్లు తీసి చూశాను, నాలుగూ సన్నగా చిమ్ముతున్నాయి. బ్రేకులు పట్టేశాయేమోనని చక్రాలు లేపి తిప్పాను. క్లచ్ జారడం లేదు. ఇంజను పీల్చే గాలిని వడకట్టే గాలి డబ్బా మూత తీశాను, లోపల దుమ్ము పట్టే నూనె నేను పోసినట్టే ఉంది. డబ్బా మీద మాత్రం బూడిదరంగు మరకలు, కొంచెం తడి. సిమెంటు మనుషుల బండికి సిమెంటు కాక అత్తరు అంటుకుంటుందా అనుకుని తుడిచేశాను. గ్రాంట్ రోడ్ దాకా నడిపి చూస్తే ఎక్కడా మొరాయించలేదు.

"బండికి ఏ రోగం లేదు. నీకే తోలరాదు. తాపీ పట్టేటోనికి స్టీరింగ్ ఇస్తే గిట్లనే ఉంటది" అన్నాను. గల్లీ అంతా నవ్వింది. లస్మయ్య కూడా నవ్వాడు. అది మరీ అసహ్యం.

"రేపు మీరే వచ్చి తోలుండ్రి ఉస్తాద్, మీ పుణ్యముంటది. ఏడున్నరకు వర్లిల మా గుడిసెల కాడికి రాండ్రి" అంది అతని భార్య పోచమ్మ. బండి ఎలా నడపాలో చూపించి వీళ్ల నోరు మూయిద్దామని ఒప్పుకున్నాను.

మర్నాడు ఇరానీ హోటల్లో చాయ్ తాగి, పేపరు మొత్తం చదివి, తొమ్మిదిన్నరకు వర్లి చేరాను. మేస్త్రీ పిలిస్తే పరుగెత్తే రకం కాదు నేను. పికప్పు నిండా ఇసుక ఉంది. బానెట్ ఎత్తి ఉంది. పోచమ్మ చెంబుతో ఇంజను మీద నీళ్లు చల్లుతోంది.

దగ్గరికెళ్లి చూశాను. ఇంజను నెత్తిన నాలుగు మడతల గోనెపట్టా, తాడుతో బిగించి కట్టారు. గాలి డబ్బా మూతి మొత్తం దాని కిందే ఉంది. సిమెంటు పాలు పీల్చిన గోనె, అట్టలా బిర్రబిగిసిపోయింది. దాని గుండా గాలి ఎలా దూరుతుంది?

"ఏందిది?"

"కొత్త పని గద ఉస్తాద్" అన్నాడు లస్మయ్య. "స్లాబ్ ఏస్తే ఇరవై ఒక్క దినాలు తడిగోనె కప్పి నీళ్లు కొడ్తం. లేకుంటె పగుల్తది. ఇంజన్ల కొత్త పని చేస్తిరి, ఇది గూడ పగుల్తదేమోనని..."

"మరి నా షెడ్డుకు తెచ్చినప్పుడు లేదు గద?"

"ఇప్పి, తుడ్సి తెస్తుంటిమి. మీ ముంగట మురికి బండి పెడ్తె మర్యాద గాదు."

కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాను. ఇంజనుకు నీళ్లు పట్టే జనాన్ని ఎక్కడా చూడలేదన్నాను. కొడవలితో గోనె కోసి పారేశాను. పికప్పు నిండు బరువుతో రెండో గేరులో కొండ ఎక్కింది. పొగ లేదు. స్టీరింగ్ తిప్పుతూ, పక్కన కూర్చున్న లస్మయ్యనూ పోచమ్మనూ దారి పొడుగునా తిడుతూనే ఉన్నాను.

సైటు చేరేసరికి పదీ ఇరవై. గేటు లోపల వేరే ముఠా ఇసుక జల్లిస్తోంది. ముందే వచ్చిన లస్మయ్య మనుషులు తట్టలు పక్కన పెట్టుకుని బయట ఫుట్‌పాత్ మీద కూర్చున్నారు. సూపర్వైజరు గేటు మూసి, తన గడియారం చూపించి వెళ్లిపోయాడు.

"మీ తప్పేం లేదు ఉస్తాద్. మాకే తెల్వలే" అన్నాడు లస్మయ్య.

"తెల్వకుంటె నన్ను అడగాలె గద!" అని అరిచాను.

"అడిగినం" అంది పోచమ్మ. "రింగులేసిన నాడే అడిగినం, ఎట్ల సూసుకోవాలె అని. చెప్తే నీకు అర్థమైతదా, పో అన్నవు. మా కాడ నిన్న ఒచ్చిన పిల్ల అడిగినా తాపీ ఎట్ల పట్టాలె పక్కన నిలవడి చూపిస్తం. పొద్దుగాల గూడ నీకోసం రెండు గంటలు సూసినం. నువ్వేం ఉస్తాద్‌వి?"

పద్నాలుగు మందీ నా వైపు చూశారు. ఆమె అన్నదాంట్లో ఒక్క మాటా అబద్ధం కాదు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఈసారి లస్మయ్యే స్టీరింగ్ పట్టుకున్నాడు, పోచమ్మ వెళ్లి అతని పక్కన ముందు సీట్లో కూర్చుంది. కూలీలు ఒక్కొక్కరూ వెనక ఇసుక మీదికి ఎక్కారు. అందరూ ఎక్కాక చివర్న నేనూ ఎక్కాను. ఎవరూ జరగలేదు. వెనక పలక పట్టుకుని నిలబడే వర్లి దాకా వచ్చాను.